యూపీఎస్ కొనే ముందు తేల్చుకోవాల్సింది ఎంత లోడు అని కాదు, ఎంతసేపు అని

కోఠి గుజరాతీ గల్లీలో గానీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో గానీ షాపులోకి వెళ్లి యూపీఎస్ కావాలంటే మొదట అడిగేది ఇదే: "600 ఇవ్వమంటారా, 1000 ఇవ్వమంటారా?" మనకు ఆ లెక్క సరిగ్గా తెలియదు. ఎందుకైనా మంచిదని పెద్దది తీసుకుని వచ్చేస్తాం. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. కరెంటు పోయాక ఈ సామాను ఎంతసేపు నడవాలి? ఫైలు సేవ్ చేసుకుని కంప్యూటర్ ఆపేస్తే చాలా, లేక కరెంటు వచ్చేదాకా పని సాగుతూనే ఉండాలా? ఇది తేలితే ఏ రకం కొనాలో సగం తేలినట్టే. అడక్కుండా కొంటే, 1000 వీఏ (వోల్ట్ ఆంపియర్) పెట్టె కొన్నా నెట్ గంటసేపు ఎందుకు రావట్లేదని తర్వాత తల పట్టుకోవాల్సి వస్తుంది.

మన ఊళ్లో కరెంటు ఇబ్బందులు అన్నీ ఒకలా ఉండవు. రెప్పపాటులో పోయి వచ్చేవి కొన్ని. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) ట్రిప్పయి పది నిమిషాలు పోయేవి కొన్ని. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచి చెట్టు కొమ్మ తీగల మీద పడితే గంటలు కూడా పట్టొచ్చు. ఇరుకు బస్తీల్లో ఎండాకాలం రాత్రి అందరి ఏసీలూ ఆన్ అయ్యేసరికి వోల్టేజీ పడిపోతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగడం ఒక్కటీ ఒక ఎత్తు. త్రీఫేజ్ సప్లయ్ ఉన్న భవనంలో న్యూట్రల్ ఊడితే 230 రావాల్సిన చోట 400 వోల్టుల దాకా వెళ్లొచ్చు. ఒక్కసారిగా నాలుగు టీవీలు కాలిపోయాయని వినే కథల వెనక తరచుగా ఉండేది ఇదే. దీన్ని ఏ చిన్న యూపీఎస్సూ పూర్తిగా ఆపలేదు. అందుకు మెయిన్ బోర్డులో ఎక్కువ, తక్కువ వోల్టేజీలకు కట్ అయ్యే ప్రొటెక్టర్ పెట్టించుకోవాలి. అది వేరే ఖర్చు. నన్నడిగితే యూపీఎస్ కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు.

వీఏ అంటే టైమ్ కాదు

పెట్టె మీద ఉండే 600 వీఏ, 1000 వీఏ అన్న అంకె ఎంత బరువు మోయగలదో చెబుతుంది, ఎంతసేపు మోస్తుందో చెప్పదు. పైగా ఆ అంకె వాట్లు కూడా కాదు. మార్కెట్లో దొరికే మామూలు 600 వీఏ యూపీఎస్ మోసేది సాధారణంగా 360 వాట్లే. 1000 వీఏ మోసేది 600 వాట్లు. వెనక లేబుల్ మీద వాట్లు విడిగా రాసి ఉంటాయి, చూడాల్సింది వాటినే.

టైమ్ ఇచ్చేది లోపలి బ్యాటరీ. 600 వీఏ పెట్టెలో సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఒకటి ఉంటుంది. 12ను 7తో గుణిస్తే 84 వాట్ అవర్లు. అయితే 120 వాట్ల కంప్యూటర్ 40 నిమిషాలు నడుస్తుందా? నడవదు. ఆ 7 ఏహెచ్ అన్నది 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. గబగబా తోడేస్తే అందులో సగానికి కాస్త పైన మాత్రమే చేతికొస్తుంది. యూపీఎస్ లోపల వేడి రూపంలో పోయేది ఇంకొంత. కొత్త బ్యాటరీ మీద పదిహేను, ఇరవై నిమిషాలు వస్తే బాగా వచ్చినట్టే. లోడు రెట్టింపు చేస్తే టైమ్ సగం కన్నా ఎక్కువే తగ్గుతుంది.

ఇంట్లో, షాపులో సామాను ఎంత తాగుతుందో ఉజ్జాయింపుగా: వైఫై రౌటర్ 10 వాట్ల చుట్టుపక్కల, ఆఫీసు పనులకు వాడే డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి 80 నుంచి 150, ల్యాప్‌టాప్ చార్జర్ 45 నుంచి 65, నాలుగు సీసీ కెమెరాలూ వాటి రికార్డింగ్ పెట్టె డీవీఆర్ కలిపి 40, ఇంక్ ట్యాంక్ ప్రింటర్ 20 లోపే. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ మాత్రం 300 దాటి 500 దాకా పోతుంది.

రౌటర్ ఒక్కటే అయితే పెద్ద పెట్టె దండగ

మియాపూర్‌లోనో ఉప్పల్‌లోనో ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ల్యాప్‌టాప్ ఉంటుంది, దానికి బ్యాటరీ ఉండనే ఉంది. కరెంటు పోతే ఆగేది నెట్. దీని కోసం 600 వీఏ కొనడం నాకు నచ్చదు. రౌటర్‌కు కావాల్సింది 12 వోల్టుల డీసీ. ఆ పెద్ద పెట్టె బ్యాటరీలోని 12 వోల్టులను 230 ఏసీ చేస్తుంది, రౌటర్ అడాప్టర్ మళ్లీ దాన్ని 12కి దించుతుంది. ఇలా రెండుసార్లు మార్చడంలోనే బ్యాటరీ కరిగిపోతుంది. 12 వోల్టుల మినీ యూపీఎస్ అరచేతిలో పట్టేంత ఉంటుంది, అడాప్టర్‌కూ రౌటర్‌కూ మధ్య పెడితే సరి, ఏసీకి మార్చే గోల లేదు. సుమారుగా వెయ్యిన్నర నుంచి రెండు వేల లోపు మంచివే దొరుకుతాయి.

కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. మొదటిది, రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయి. 12 వోల్టులు 2 ఆంపియర్లు అడిగే డబ్బాకు 1 ఆంపియర్ మాత్రమే ఇచ్చే మినీ యూపీఎస్ పెడితే మధ్యమధ్యలో రీస్టార్ట్ అవుతుంది. రెండోది ఎంఏహెచ్ (ఏహెచ్‌లో వెయ్యో వంతు) మాయ. 10,400 ఎంఏహెచ్ అని పెద్దక్షరాల్లో రాస్తారు, కానీ ఆ లెక్క 3.7 వోల్టుల సెల్లుది. గుణిస్తే 38 వాట్ అవర్లు. 10 వాట్ల రౌటర్‌కు మూడు గంటలు. అదీ తక్కువేం కాదనుకోండి.

ఇంకో మాట. మీ రౌటర్‌లో లైట్లు వెలుగుతున్నా నెట్ రాకపోవచ్చు. కొన్ని లోకల్ కేబుల్ ఆపరేటర్ల స్విచ్ పక్క బిల్డింగ్ మెట్ల కింద డబ్బాలో ఉంటుంది. ఆ బిల్డింగ్‌కు కరెంటు లేకపోతే, అక్కడ బ్యాటరీ కూడా లేకపోతే, మీ ఇంట్లో ఎంత మంచి యూపీఎస్ ఉన్నా లాభం లేదు. ఇంటి లోపలి దాకా ఫైబర్ వచ్చే కనెక్షన్లలో ఈ ఇబ్బంది చాలా తక్కువ. కాబట్టి ఈసారి కరెంటు పోయినప్పుడు కాసేపు రౌటర్‌ను పక్కింటి ఇన్వర్టర్ మీద పెట్టి చూసి, ఆ తర్వాత కొనండి.

డెస్క్‌టాప్‌కు, బిల్లింగ్ కౌంటర్‌కు

ఇక్కడ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ సరైన ఎంపిక. షాపుల్లో మామూలుగా దొరికే 600, 1000 వీఏ పెట్టెలు దాదాపు అన్నీ ఈ రకమే. వోల్టేజీ కొంచెం తగ్గినా పెరిగినా బ్యాటరీ జోలికి పోకుండా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌తో సరిచేస్తాయి. 140 నుంచి 290, 300 వోల్టుల దాకా తట్టుకుంటామని రాస్తారు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి పది మిల్లీసెకన్ల లోపు పడుతుంది. కంప్యూటర్ లోపలి పవర్ సప్లయ్ పదహారు మిల్లీసెకన్ల వరకు తట్టుకునేలా తయారవుతుంది కాబట్టి కంప్యూటర్‌కు ఆ సంగతే తెలియదు.

కిరాణా కొట్టుకు 600 వీఏ చాలు. బిల్లింగ్ కంప్యూటర్, మానిటర్, చిన్న థర్మల్ ప్రింటర్ దానిమీద నడుస్తాయి. తూకం మెషీన్లకు చాలావరకు లోపలే బ్యాటరీ ఉంటుంది. యూపీఐ సౌండ్ బాక్సుకు బ్యాటరీ, సిమ్ము రెండూ ఉంటాయి. వాటిని యూపీఎస్‌కు తగిలించి నిమిషాలు వృథా చేసుకోవద్దు.

అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ పెట్టుకున్న చిన్న ఆఫీసు సంగతి వేరు. డేటా ఉన్న కంప్యూటర్ ఎంట్రీ మధ్యలో ఆగిపోతే కంపెనీ డేటా చెడి రీరైట్ చేసుకోవాల్సి రావచ్చు. ఆ ఒక్క మెషీన్‌కు 1000 వీఏ, అదీ యూఎస్‌బీ పోర్టు ఉన్నది పెట్టండి. ఆ కేబుల్ కంప్యూటర్‌కు తగిలించి సాఫ్ట్‌వేర్ వేసుకుంటే బ్యాటరీ అయిపోయే ముందు కంప్యూటర్ తనంతట తానే షట్‌డౌన్ అవుతుంది. అకౌంటెంట్ లంచ్‌కు వెళ్లినప్పుడు కరెంటు పోయినా టెన్షన్ ఉండదు. చిత్రమేమిటంటే, చాలా ఆఫీసుల్లో ఈ కేబుల్ ప్యాకింగ్ కవరులోంచి బయటికే రాదు. మిగతా కంప్యూటర్లకు తలా ఒక 600 పెట్టడమే నాకిష్టం. ఒకే పెద్ద పెట్టె పెడితే అది చెడిన రోజు ఆఫీసంతా కూర్చుంటుంది.

గేమింగ్, వీడియో ఎడిటింగ్ కంప్యూటర్లకు 360 వాట్ల పెట్టె చాలదని ఇప్పటికే అర్థమై ఉంటుంది. వాటిలో ఇంకో మెలిక కూడా ఉంది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఇచ్చేది అసలైన సైన్ వేవ్ (గోడ ప్లగ్గులో వచ్చే కరెంటులా నున్నగా సాగే అల) కాదు, మెట్లు మెట్లుగా ఉండే నకలు. కొత్త తరం మంచి పవర్ సప్లయ్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే సర్క్యూట్) ఉంటుంది. వాటిలో కొన్ని ఈ నకలు వేవ్ చూడగానే ఆగిపోతాయి. కాబట్టి ఖరీదైన కంప్యూటర్‌కు ప్యూర్ సైన్ వేవ్ అని స్పష్టంగా రాసి ఉన్న లైన్ ఇంటరాక్టివ్ తీసుకోవాలి.

ఒక హెచ్చరిక: 600 వీఏ యూపీఎస్ పక్కన కన్నం పెట్టి, వైర్లు బయటికి లాగి పెద్ద బ్యాటరీ తగిలించి "మూడు గంటలు వస్తుంది సార్" అనేవాళ్లు ఉన్నారు. వద్దు. ఆ పెట్టె పావుగంట, అరగంట పనికి తయారైంది. గంటల తరబడి నడిపితే లోపలి భాగాలు వేడెక్కి కాలిపోతాయి. పైగా లోపలి చార్జర్ చిన్న బ్యాటరీకి సరిపోయేది. దాంతో 100 ఏహెచ్ బ్యాటరీ నిండాలంటే రోజులు పడుతుంది.

గంటలు కావాలంటే ఇన్వర్టర్

ట్యూషన్ సెంటర్, టైలర్ షాపు, ఫ్యాన్లూ లైట్లూ కూడా నడవాల్సిన ఇల్లు, రాత్రంతా సీసీ కెమెరాలు నడవాల్సిన గోడౌన్: ఇవన్నీ ఇన్వర్టర్ పనులు. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబ్యులర్ (నీళ్లు పోసే పెద్ద సీసం) బ్యాటరీతో 900 వీఏ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే 300 వాట్ల లోడును మూడు, మూడున్నర గంటలు లాగుతుంది. రెండూ కలిపి సుమారుగా ఇరవై వేల చుట్టూ తేలుతుంది. మామూలు ఫ్యాన్ల బదులు బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాన్లు పెట్టుకుంటే ఒక్కోటి 75 వాట్ల నుంచి 30 దగ్గరికి దిగుతుంది. రెండో బ్యాటరీ కొనడం కన్నా ఇది చవక.

మరి ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తుందా? చాలా ఇన్వర్టర్లకు ఒక స్విచ్ ఉంటుంది: ఒకవైపు యూపీఎస్ మోడ్, మరోవైపు నార్మల్ లేదా ఎకో మోడ్. ఎకోలో పెడితే మారడానికి టైమ్ ఎక్కువ పడుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. యూపీఎస్ మోడ్‌లో త్వరగా మారుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కంప్యూటర్ ఆగిపోతోందని గొణిగేవాళ్లు ముందుగా ఆ స్విచ్ ఎటు ఉందో చూసుకోవాలి. అయితే యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ 180 కన్నా తగ్గితే అది బ్యాటరీకి దూకేస్తుంది. లో వోల్టేజీ ఉండే వీధుల్లో కరెంటు ఉన్నా బ్యాటరీ ఖాళీ అవుతుంటుంది.

ఈ ఇబ్బందికి నేను చెప్పే మందు: ఇన్వర్టర్‌ను ఎకోలో ఉంచి, దాని లైన్ మీద కంప్యూటర్‌కు ఒక 600 వీఏ పెట్టండి. మారే క్షణాన్ని చిన్న యూపీఎస్ చూసుకుంటుంది, గంటల సంగతి ఇన్వర్టర్ చూసుకుంటుంది. ఇన్వర్టర్ మాత్రం సైన్ వేవ్‌ది అయి ఉండాలి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటును చాలా యూపీఎస్‌లు కరెంటుగానే గుర్తించవు, కీచుకీచుమంటూ తమ బ్యాటరీనే తాగేస్తాయి.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఇన్వర్టర్ ఆలోచించదగ్గదే. ధర ఎక్కువే. కానీ నీళ్లు పోసే పని లేదు, త్వరగా నిండుతుంది, ఇల్లు మారినప్పుడు ఇద్దరు మనుషులు మోయాల్సిన అవసరం రాదు. సొంతింట్లో, బాల్కనీ మూలలో గాలాడే చోటుంటే ట్యూబ్యులర్ ఇప్పటికీ డబ్బుకు తగ్గ సరుకు.

మేడ మీద సోలార్ ఉంది కదా, మాకెందుకు అనేవాళ్లూ ఉన్నారు. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ సిస్టమ్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారు చేస్తారు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అయితేనే బ్యాకప్.

అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉంటే

ఫ్లాట్లకు కూడా జనరేటర్ లైన్ ఇచ్చిన అపార్ట్‌మెంట్లలో ఇన్వర్టర్ దాదాపు అక్కర్లేదు. జనరేటర్ అందుకోవడానికి పట్టే ఆ కొద్ది సెకన్లు, వాచ్‌మన్ వెళ్లి స్విచ్ మార్చాల్సిన చోట కొద్ది నిమిషాలు, అంతే కావాలి. ఒక 600 వీఏ ఆ పని హాయిగా చేస్తుంది. కొనే ముందు జనరేటర్ లైన్ ఏ రూముల్లో ఏ ప్లగ్గులకు వస్తుందో అసోసియేషన్ ఎలక్ట్రీషియన్‌ను అడగండి. కొన్నిచోట్ల హాల్లో ఒక ఫ్యాన్, ఒక లైటు వరకే. జనరేటర్ పాతదై ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలవకపోతే యూపీఎస్ దాన్ని ఒప్పుకోక బ్యాటరీ మీదే ఉండిపోతుంది. అప్పుడు తప్పు యూపీఎస్‌ది కాదు.

ఆన్‌లైన్ యూపీఎస్ ఎవరికి

ఆన్‌లైన్ రకంలో కరెంటు ఎప్పుడూ డీసీగా, మళ్లీ ఏసీగా మారుతూనే ఉంటుంది. కాబట్టి మారే గ్యాప్ సున్నా, బయట వోల్టేజీ ఎలా ఆడినా లోపల 230 కదలదు. 1 కేవీఏకు (అంటే 1000 వీఏకు) పదిహేను వేల పైమాటే. డయాగ్నొస్టిక్ సెంటర్‌లోని అనలైజర్లు, డెంటల్ క్లినిక్‌లోని స్కానింగ్ మెషీన్లు, సర్వర్లు: వీటికి ఇదే. మెషీన్ మాన్యువల్‌లో ఆన్‌లైన్ యూపీఎస్ కావాలని రాసి ఉంటే బేరాలు లేవు, వారంటీ సంగతి కూడా దాంతో ముడిపడి ఉండొచ్చు.

ఇంటికి మాత్రం నేను వద్దనే అంటాను. ఫ్యాన్ రోజంతా గుయ్యిమంటుంది. మార్పిడిలో పోయే నష్టం 50 వాట్లు అనుకున్నా, 24 గంటలూ నడిస్తే రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు. సాయంత్రం ఆపేసి వెళ్లే ఆఫీసుకు ఆ బాధ తక్కువ.

ఏ రకమైనా సరే, లేజర్ ప్రింటర్, జిరాక్స్ మెషీన్ చిన్న యూపీఎస్‌కు తగిలించకూడదు. కాగితం మీద పొడిని వేడితో అతికించే లోపలి ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు వెయ్యి వాట్లు దాటి లాగగలదు. కరెంటు పోతే కాగితం ఇరుక్కుంటుంది, పీకి పారేస్తే పోయేదానికి యూపీఎస్‌ను బలి ఇవ్వడమెందుకు?

బ్యాటరీ, వేడి, బిల్లు

యూపీఎస్ పెట్టె ఏళ్ల తరబడి ఉంటుంది, లోపలి సీల్డ్ బ్యాటరీ ఉండదు. మన ఎండలకు రెండు, మూడేళ్లు మామూలు లెక్క. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందని బ్యాటరీ వాళ్ల సూత్రం. పై అంతస్తులో స్లాబు కింద ఉడికే గదిలో, గోడకు ఆనించి, పైన ఫైళ్లు పేర్చి పెడితే ఆ రెండేళ్లు కూడా రావు. కిరాణా కొట్టులో అయితే పిండి దుమ్ము, బొద్దింకలు, బల్లులు కూడా ఉంటాయి. నేల మీద కాకుండా అడుగు ఎత్తులో, నాలుగు వైపులా గాలాడేలా పెట్టండి.

నెలకోసారి పరీక్షించుకోవడం మంచిది. కంప్యూటర్‌లో పనులు సేవ్ చేసుకుని గోడ స్విచ్ ఆపండి, ప్లగ్ పీకొద్దు. పీకితే ఎర్తింగ్ కూడా పోతుంది. ఐదు నిమిషాలు కూడా నిలబడకపోతే బ్యాటరీ మార్చే టైమ్ వచ్చినట్టే. ఎర్తింగ్ అంటే గుర్తొచ్చింది, సీపీయూ ముట్టుకుంటే జివ్వుమనే పాత ఇళ్లలో ముందు ఎర్తింగ్ చేయించాలి. అది లేనిదే యూపీఎస్‌లోని సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) రక్షణ సగం పనే చేస్తుంది.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు తయారీ నెల చూడండి. షాపులో ఏడాది పాటు చార్జింగ్ లేకుండా పడున్న బ్యాటరీ కొత్తదైనా పాతదే. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు కిలోల పైచిలుకు తూగాలి. బాగా తేలిగ్గా ఉంటే లోపల సీసం తక్కువ ఉన్నట్టు. ఎక్సైడ్ గానీ, తిరుపతి దగ్గరి అమరరాజా వాళ్ల క్వాంటా గానీ అడిగితే దొరుకుతాయి. పాత బ్యాటరీని చెత్తబండిలో వేయకుండా తిరిగి ఇచ్చేయండి, తూకం ప్రకారం కొత్తదాని ధరలో తగ్గిస్తారు.

యూపీఎస్ వెనక బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. ఈ చిన్న యూపీఎస్‌లకు అది తప్పనిసరి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. పెట్టెకు ఎన్నేళ్లు, బ్యాటరీకి ఎన్నేళ్లు వారంటీ అన్నది విడివిడిగా అడగండి, రెండూ తరచుగా వేరుగా ఉంటాయి. సర్వీసు మనిషి ఇంటికి వస్తాడా, మనమే మోసుకెళ్లాలా అన్నది కూడా అక్కడే తేల్చుకోండి. 600 వీఏ పెట్టె స్కూటీ ముందు పెట్టుకుని తీసుకెళ్లొచ్చు గానీ, మూడు బ్యాటరీల ఆన్‌లైన్ యూపీఎస్‌ను బ్యాటరీలతో సహా మెట్రోలో మోయడం ఎవరివల్లా కాదు.